ముందు వెనకైన బండి

వెండెల్ క్రూగర్ ఎడమ చక్రానికి గ్రీజు పట్టించి, వేళ్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడుచుకుని, కుడి చక్రం దగ్గరికి జరిగాడు. లేచి నిలబడలేదు. మోకాళ్ల కింద వేసుకున్న పాత దిండునే నెట్టుకుంటూ జరిగాడు. అరవై నిండిన దగ్గర్నుంచీ గ్యారేజీ నేల మరీ గట్టిపడిపోయిందని అతని ఫిర్యాదు. ఆ నేల మొదట్నుంచీ సిమెంటే కదా అని భార్య డార్లీన్ అంటే, సిమెంటుకి మాత్రం వయసు మీద పడదా అనేవాడు.

అక్టోబరు చివరి శనివారం. బయట ఇంకా మసక వెలుతురే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆ రోజుల్లో ఏడు దాటితే గాని తెల్లారదు. ఎనిమిదింటికల్లా అతను ఊళ్లో ఇనప సామాన్ల కొట్టులో ఉండాలి. కొట్టు వెనక గదిలో గడ్డి కోసే యంత్రాలూ, చెట్లు కోసే రంపాలూ, మంచు తోసే యంత్రాలూ బాగుచేయడం అతని ఉద్యోగం. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే గది, అదే బల్ల. పొట్టి మనిషి, లావు మెడ. కుడి చూపుడు వేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. కమిలిన గోరు రాలి కొత్తది వచ్చేలోపు ఇంకో దెబ్బ తగులుతుంది. ఆ ఊళ్లో ఎవరినైనా అతని గురించి అడిగితే "వెండెలా? మంచివాడే" అని ఆగిపోతారు. అంతకు మించి చెప్పుకునే అవకాశం అతను ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు అతని ముందున్నది ఆకులూడ్చే బండి. పెరటి ట్రాక్టర్‌కి తగిలించి లాగేది. రెండు చక్రాలు, వాటి మధ్య పొడుగాటి గుండ్రటి బ్రష్షు, బ్రష్షు మీద రేకు మూత, వెనక మందపాటి గుడ్డతో చేసిన పెద్ద తొట్టి. ట్రాక్టర్ లాగుతుంటే చక్రాలు బ్రష్షుని తిప్పుతాయి. బ్రష్షు ఆకుల్ని ఎగరేసి తొట్టిలో పోస్తుంది. ఇంజను లేదు, కరెంటు లేదు. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు, వెండెల్‌కి నచ్చేదే అది.

దాన్ని అతను రెండు వారాల కిందట హార్లన్ సీబర్ట్ పాకలో కొన్నాడు. హార్లన్‌కి తొంభై ఒకటి. ఆవుల్ని అమ్మేసి చాలా ఏళ్లయింది, పెళ్లాం పోయి ఇంకా ఎక్కువైంది. మొన్న వేసవిలో తుంటి విరిగి ఊరి చివర వృద్ధాశ్రమంలో చేరాక, అన్నకొడుకు కర్టిస్ పాక ఖాళీ చేయిస్తున్నాడు. కావాలంటే ఊరికే తీసుకుపొమ్మన్నాడు కర్టిస్. వెండెల్ వినలేదు, నలభై డాలర్లు అతని చొక్కా జేబులో కుక్కి వచ్చాడు. ఊరికే తెచ్చుకోవడానికి అది ఏదో పాత ఇనుము కాదు. కొట్టులో చేరిన కొత్తలో వెండెల్ సరిగ్గా బాగుచేసిన మొట్టమొదటి యంత్రం.

ఈ రెండు వారాల్లో కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పాడు. మామూలుగా వాతావరణం తప్ప వేరే మాట ఎత్తని వాడు, నా చేతి పని, ముప్పై ఎనిమిదేళ్లు ఆడింది అని చెప్పుకున్నాడు. వెంటనే రెండో సంగతీ చెప్పేవాడు. ఆ ముసలాయన తర్వాత దాన్ని ఏం చేశాడో తెలుసా? లాగే కడ్డీ ఉండాల్సిన చోట తొట్టి పెట్టాడు, తొట్టి ఉండాల్సిన చోట కడ్డీ బిగించాడు. రేకు మూత విప్పి అటుది ఇటు తిప్పాడు. అందుకోసం ఎనిమిది కొత్త రంధ్రాలు వేశాడు. వేసినవి మళ్లీ ఎంత నున్నగా వేశాడో, అంచులన్నీ ఆకురాయితో అరగదీసి మరీ. బండి మొత్తం వెనకది ముందు. ఎందుకో దేవుడికే తెలియాలి. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. వెండెల్ కూడా తల అడ్డంగా ఊపి నవ్వేవాడు.

ముసలాయన వంకర పనంతా అతను ఓపిగ్గా సరిచేశాడు. తుప్పు గీకాడు. బ్రష్షుకి ఊడిపోయిన కుచ్చులు కొత్తవి తెప్పించి వేశాడు. తొట్టి గుడ్డ చిరిగిన చోట డార్లీన్ పాత గుడారం ముక్క వేసి కుట్టింది. రేకుకి ఆకుపచ్చ రంగు వేశాడు. కడ్డీనీ తొట్టినీ మూతనీ మళ్లీ వాటి వాటి చోట్లకి చేర్చాడు. చక్రాలు మాత్రం విప్పలేదు. అవి తన పని. తన పనిని తానే విప్పి చూసుకోవాల్సిన అవసరం అతనికి కనపడలేదు.

డార్లీన్ కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. ఇంటి చెప్పుల మీదే వచ్చింది, పైన మాత్రం చలికోటు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంత ముస్తాబు చేశావు, పెళ్లిచూపులు ఎవరితో?" అంది.

"ఫరవాలేదు కదా?" అన్నాడు వెండెల్.

ఫరవాలేదు అన్నది ఆ ప్రాంతంలో చిన్న మాట కాదు. పెళ్లి భోజనం ఎలా ఉందంటే ఫరవాలేదు. ఆపరేషన్ ఎలా జరిగిందంటే ఫరవాలేదు. అంతకు మించి పొగిడితే ఏదో అమ్మజూపుతున్నాడని అనుమానిస్తారు. బాగోలేకపోయినా ఆ మాటే అంటారు, అందుకని అది పొగడ్తో కాదో తెలుసుకోవాలంటే అన్న మనిషి మొహం చూడాలి. డార్లీన్ మొహంలో నవ్వుంది. వెండెల్ కాఫీ రెండు గుక్కల్లో తాగేసి ట్రాక్టర్ ఎక్కాడు.

పెరట్లో మేపుల్ ఆకులు చీలమండ లోతున పడి ఉన్నాయి. ట్రాక్టర్ కదిలింది. వెనకే బండి కదిలింది. బ్రష్షు కదల్లేదు. చక్రాలు దొర్లాయి గాని బ్రష్షు బిగుసుకుని ఆకుల మీదుగా ఈడ్చుకుంటూ వచ్చింది. తొట్టిలో ఒక్క ఆకు పడలేదు. వెండెల్ ఆపి, మళ్లీ మొదట్నుంచీ చూద్దామని ట్రాక్టర్‌ని వెనక్కి పోనిచ్చాడు. అప్పుడు బ్రష్షు బుర్రుమని తిరిగింది. తిరిగి, తడి ఆకులన్నీ తెచ్చి అతని వీపు మీద పోసింది. గుమ్మంలో డార్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందుకి పోతే తిరగదు, వెనక్కి పోతే తిరుగుతుంది. వెండెల్ మెడలో ఇరుక్కున్న ఆకు తీసేసి, దిగి, బండిని గ్యారేజీలోకి తోసుకొచ్చి రెంచి అందుకున్నాడు.

ఆ బండి చక్రం లోపలి అంచుకి చుట్టూ పళ్లుంటాయి. ఆ పళ్లలో ఇమిడి ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది. దాని కడుపులో బొటనవేలంత ఇనప ముక్క. బండి ముందుకి పోతే ఆ ముక్క పట్టుకుని బ్రష్షుని తిప్పుతుంది, వెనక్కి వస్తే జారిపోతుంది. అందుకే ఎడమ పక్కది ఎడమకే వేయాలి, కుడి పక్కది కుడికే. మర్చిపోతారని చేసినవాళ్లు ఎడమదాని మీద ఎల్ అనీ కుడిదాని మీద ఆర్ అనీ పోత పోసి మరీ ఇస్తారు.

వెండెల్ ఎడమ చక్రం ఊడదీసి లోపలి జిడ్డు తుడిచాడు. చిన్న చక్రం మీద ఆర్ అని ఉంది. దాని పక్కనే పసుపు రంగు చుక్క. ఆ చుక్క అతనిదే. బాగుచేసిన ప్రతి యంత్రానికీ లోపల ఎవరికీ కనపడని చోట అలాంటి చుక్క పెట్టడం అతని అలవాటు. ఆ అలవాటు మొదలైంది ఈ బండితోనే. కుడి చక్రం విప్పేసరికి ఎల్ కనపడింది, దాని పక్కన ఇంకో పసుపు చుక్క కనపడింది. ఎలా జరిగిందో అతనికి వెంటనే తట్టింది. ఆ రోజు బండిని బల్ల మీద తలకిందులుగా పెట్టుకుని పనిచేశాడు. తలకిందులు చేస్తే ఎడమ కుడవుతుంది. ఇరవై రెండేళ్ల వాడికి ఆ మాత్రం తోచలేదు.

హార్లన్ ఆ బండిని ఎందుకు తిరగేశాడో కూడా అప్పుడే అర్థమైంది. బండి మొత్తాన్ని వెనకది ముందు చేస్తే ఎడమ చక్రం కుడికి వస్తుంది, కుడిది ఎడమకి వస్తుంది. వెండెల్ తప్పు ఒప్పయిపోతుంది.

అతను ఆ దిండు మీదే చతికిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందటి అక్టోబరు గుర్తొచ్చింది. కొట్టు యజమాని బోల్ గారు అతన్ని చేర్చుకుని రెండు నెలలు. మొదటి నెలలో వెండెల్ పాస్టరు గారి గడ్డి యంత్రంలో నూనె పోయడం మరిచి ఇంజను పట్టేయించాడు. రెండో నెలలో ఒక రైతు రంపానికి గొలుసు తిరగేసి ఎక్కించాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఏప్రాన్ విప్పి ఇచ్చేసి పొమ్మని బోల్ కొట్టు నిండా జనం ఉండగా చెప్పాడు. ఆ జనంలో హార్లన్ సీబర్ట్ ఉన్నాడు. మర్నాడే హార్లన్ ఆ బండి తెచ్చి, ఆ కుర్రాడికివ్వండి అని కౌంటరు ముందు దింపి వెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత మేకులు కొనడానికి వస్తే, బండి ఎలా ఉందని బోల్ అడిగాడు. హార్లన్ ఫరవాలేదన్నాడు, పని జరుగుతోందన్నాడు. వెండెల్ వెనక గుమ్మంలో నిలబడి విన్నాడు. క్రిస్మస్‌కి ఉద్యోగం ఖాయమైంది. కొత్త సంవత్సరంలో డార్లీన్‌ని పెళ్లికి అడిగాడు. ఈ ఇల్లు, ఈ గ్యారేజీ, ఇద్దరు ఆడపిల్లల చదువులు, అన్నీ ఆ ఒక్క మాట మీద పుట్టినవే.

ఆ తర్వాత హార్లన్ అతని దగ్గరికి ఇంక ఏ యంత్రమూ తేలేదు. ఇరవై మైళ్లు పోయి పక్క ఊళ్లో చేయించుకునేవాడు. చర్చిలో కనపడితే తల ఊపి, వాన మాటో మంచు మాటో అని తప్పుకునేవాడు. పైగా బండి పెట్టుకుని కూడా ఇంటి ముందు ఆకులన్నీ చేత్తో పోగుచేసేవాడు. రోజూ ఆ రోడ్డునే కొట్టుకి వెళ్లే వెండెల్‌కి అది కనపడేది. ఇదేం చోద్యమని నవ్వుకునేవాడు. ఆయనకి తనంటే ఎందుకో పడదని లోపల నొచ్చుకునేవాడు కూడా.

డార్లీన్ వచ్చి, అతని మొహం చూసి, పక్కనున్న డబ్బా మీద కూర్చుంది. అతను రెండు చిన్న చక్రాలూ ఆమె ఒళ్లో పెట్టి సంగతంతా చెప్పాడు. ఆమె ఆ అక్షరాలు వేలితో తడిమి చూసింది.

"అయితే నేనూ ఆ తప్పులోంచి వచ్చినదాన్నేనన్నమాట" అంది.

"నవ్వకు."

"నవ్వట్లేదు. వెళ్లి ఆయనతో చెప్పు."

సాయంత్రం కొట్టు మూశాక వెళ్తానన్నాడు వెండెల్. డార్లీన్ ఒప్పుకోలేదు. గురువారం కర్టిస్ వాళ్లకి కిరాణా కొట్టు దగ్గర కనపడ్డాడు. బాబాయికి రోజులు దగ్గరపడ్డాయని, ఎప్పుడూ నిద్రేనని, పొద్దున్న గంటా రెండు గంటలు మాత్రం మాట తెలుస్తోందని చెప్పాడు. అది ఇద్దరూ విన్నారు.

"సాయంత్రానికి ఆయన వింటాడని నీకెవరు చెప్పారు? ఇప్పుడెళ్లు. కొట్టుకి నేను ఫోన్ చేస్తా" అంది డార్లీన్.

ముప్పై ఎనిమిదేళ్లలో అతను కొట్టుకి ఆలస్యంగా వెళ్లింది లేదు. వాళ్లేమనుకుంటారో అని గొణుగుతూనే ఎల్‌ని ఎడమకీ ఆర్‌ని కుడికీ వేసి, చక్రాలు బిగించాడు. పది నిమిషాలు పట్టింది. పెరట్లో ఒక చుట్టు తిప్పి చూశాడు. బ్రష్షు ముందుకి పోతూ తిరిగింది, తొట్టిలో ఆకులు పడ్డాయి. ఇంత చిన్న పని అయిపోయినందుకే మరీ బాధగా ఉంది. ట్రాక్టర్నీ బండినీ ట్రెయిలర్ మీదికి ఎక్కించాడు. ఎందుకు ఎక్కిస్తున్నావని డార్లీన్ అడగలేదు.

దారి పొడుగునా అతనికి ఒకటే భయం. తలుపు తీసేసరికి ఆయన మాట పోయి ఉంటే? తను వచ్చానని తెలియకపోతే? క్షమించమని అడగడం సంగతి తర్వాత, ముందు ఆ మాట ఆయన చెవిన పడాలి. అది పడకుండా ఆయన పోతే ఈ బండిని మళ్లీ చూడలేడు.

వృద్ధాశ్రమంలో హార్లన్‌ని చూసుకునే అమ్మాయి పేరు మై షియాంగ్. డార్లీన్ బడి వంటగదిలో పనిచేసిన రోజుల్లో ఆమె చేతి భోజనం తిన్న పిల్లే. పొద్దున్న లేచి కాస్త ఓట్స్ జావ తాగాడని, ఇప్పుడు మెలకువగానే ఉన్నాడని చెప్పింది. వెండెల్ గుండెల నిండా గాలి పీల్చుకుని లోపలికి వెళ్లాడు.

హార్లన్ కిటికీ పక్క చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు దూడని భుజాన వేసుకుని నడిచిన మనిషి. ఇప్పుడు చొక్కా కాలర్లో మెడ ఊగుతోంది. చేతులు మాత్రం ఇంకా పెద్దవే, ఒళ్లో ఎవరో మర్చిపోయి వెళ్లినట్టున్నాయి.

"సీబర్ట్ గారూ, నేను వెండెల్‌ని. కొట్టులో..."

"తెలుసులే. గాలి ఎటుంది?"

"పడమర నుంచండి."

"అయితే రేపు వాన."

"అలాగే ఉందండి."

వాన గురించి ఇద్దరూ ఇంకో నాలుగు ముక్కలు మాట్లాడుకున్నారు. ఆ ఊళ్లో ఇల్లు కాలిపోతోందని చెప్పడానికి వచ్చినా ముందు ఆ నాలుగు ముక్కలు తప్పవు. అవి అయిపోయాక వెండెల్ మంచం అంచున కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చక్రాలు విప్పానండి" అన్నాడు.

హార్లన్ మొహం మెల్లగా అతని వైపు తిరిగింది. వినపడలేదేమోనని వెండెల్ మళ్లీ చెప్పబోయాడు.

"ముప్పై ఎనిమిదేళ్లు పట్టిందా, కుర్రాడా?" అన్నాడు హార్లన్.

అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. మై వచ్చి నీళ్లు పట్టించి వెళ్లింది. వెండెల్‌కి నవ్వు రాలేదు. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"బోల్ అడిగినప్పుడు నువ్వు వెనక గుమ్మంలో ఉన్నావు. చేతిలో గుడ్డ ముక్క. దాన్ని తాడులా మెలిపెడుతున్నావు. ఏం చెప్పమంటావు?"

"తర్వాత ఎప్పుడైనా నన్ను పిలిచి చెప్పి ఉంటే పది నిమిషాల పనండి."

"పిలిస్తే నీకు తెలిసిపోయేది."

"పోనీ మీరే విప్పి మార్చుకోవాల్సింది."

హార్లన్ తల అడ్డంగా ఊపాడు. ఒకడు చేసిన పని మీద ఇంకొకడు చెయ్యి పెట్టడం తనకి నచ్చదన్నాడు. పైగా వెనక్కి బ్రహ్మాండంగా తిరుగుతోంది కదా, ఆ వెనకనే ముందు చేసేస్తే సరిపోతుందనిపించిందట. చలికాలం, పాలు పిండటం అయ్యాక వేరే పనేముంది. వారం రోజులు కూర్చుని రంధ్రాలు వేశాడట. రంధ్రాలు ఎలా వేశానో చూశావా అని అడిగాడు. చూశానని వెండెల్ అన్నాడు. అవి చూసి రెండు వారాలు ఊరందరితో కలిసి నవ్వానని కూడా చెప్పేశాడు, దాచుకోవాలనిపించలేదు. హార్లన్‌కి అది మహా సంతోషమైంది.

"నేనంటే మీకు పడదనుకున్నానండి. మళ్లీ ఎప్పుడూ నా దగ్గరికి ఏదీ తేలేదు."

"తెస్తే ఎవడో ఒకడు బండి ఎలా ఉందంటాడు. మళ్లీ ఫరవాలేదనాలి. ఒక్క అబద్ధం చాల్లే అనుకున్నా. అదే మోయలేక చచ్చాను."

"అందుకేనా ఇంటి ముందు చేత్తో..."

"నువ్వు రోజూ ఆ రోడ్డునే పోతావుగా. బండి వెనకముందులు చూస్తే నీకు తెలియదూ? వెనక పెరట్లో మటుకు వాడుకున్నా. బాగా ఊడ్చేది."

వెండెల్ తల వంచుకుని టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ముప్పై ఎనిమిది శరదృతువులు ఒక మనిషి తన కోసం నడుం వంచి రోడ్డు పక్క ఆకులు పోగుచేస్తుంటే, అటు కారులో పోతూ పిసినారితనమో పిచ్చితనమో అనుకున్నాడు. ఉద్యోగం, ఇల్లు, డార్లీన్, పిల్లలు, అన్నీ దాని మీదే నిలబడ్డాయండీ అని మాత్రం అనగలిగాడు.

"దేనిమీదో ఒక దాని మీద నిలబడాలిగా" అన్నాడు హార్లన్. తర్వాత కుర్చీ చేతి మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. "ఇప్పుడు ముందుకి పోతోందా?"

"పోతోందండి. బయట ట్రెయిలర్ మీద ఉంది."

మై మొదట ఒప్పుకోలేదు. తర్వాత హార్లన్ మొహం చూసి, రెండు కంబళ్లు, ఒక ఉన్ని టోపీ తెచ్చింది. ఆశ్రమం ముందు పచ్చిక మీద ఎండ బాగా పడుతోంది. అక్కడా మేపుల్ చెట్లే, వారం రోజుల ఆకులు అలాగే ఉన్నాయి. ఆమె కుర్చీని మెట్టు పక్క నిలిపింది. వెండెల్ ట్రాక్టర్ దింపి, ఆకుల మీదుగా బారులు తీసి ఊడ్చాడు. బండి వెనక నున్నటి పచ్చ చార పడుతూ వచ్చింది. ప్రతి మలుపులోనూ అతను కుర్చీ వైపు చూశాడు. ప్రతిసారీ హార్లన్ కళ్లు తెరిచే ఉన్నాయి, చక్రాల మీదే ఉన్నాయి. కిటికీల దగ్గర ఇంకొందరు ముసలివాళ్లు చేరారు.

తొట్టి నిండాక హార్లన్ చెయ్యెత్తాడు. తొట్టిని బోర్లించడానికి దానికో తాడుంటుంది, ట్రాక్టర్ మీద కూర్చుని లాగేది. అది తన చేతికిమ్మన్నాడు. వెండెల్ బండిని కుర్చీ దగ్గరికి తెచ్చి తాడు అందించాడు. హార్లన్ ఒకసారి లాగాడు, తొట్టి కదల్లేదు. మై చెయ్యి సాయం పట్టబోతే మోచేత్తో ఆమెని పక్కకి నెట్టాడు. తాడుని అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని, వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి లాగాడు. తొట్టి బోర్లపడింది. ఆకులన్నీ అతని కాళ్లకి రెండడుగుల దూరంలో పడ్డాయి. కిటికీల్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉందండీ?" అని అడిగాడు వెండెల్.

హార్లన్ ఊపిరి కుదురుకునే దాకా ఆగాడు. ఆ ఊళ్లో పుట్టి తొంభై ఒక్క ఏళ్లు బతికినవాడు ఆ ప్రశ్నకి ఏం చెబుతాడో వెండెల్‌కి తెలుసు.

"బాగుంది" అన్నాడు హార్లన్. "ఫరవాలేదు కాదు. బాగుంది."

పదకొండింటికి వెండెల్ కొట్టు వెనక గదిలో ఏప్రాన్ కట్టుకున్నాడు. ఆలస్యం గురించి ఎవరూ ఏమీ అనలేదు. అనుకుంటారేమోనని అన్నేళ్లు భయపడ్డందుకు అతనికి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. మంచు తోసే యంత్రం ఒకటి విప్పి శుభ్రం చేశాడు. రెండు రంపాలకి పదును పెట్టాడు. డార్లీన్ కట్టిచ్చిన హామ్ శాండ్‌విచ్ బల్ల దగ్గరే తిన్నాడు. వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ముసలాయన బండి ఏమైందని నవ్వబోతే, తప్పు నాదే, చక్రాలు నేనే తారుమారు చేశాను అని చెప్పాడు. చెబుతుంటే సిగ్గు వేయలేదు. మనసుకి ఎంతో తేలిగ్గా ఉంది. చెయ్యి బల్ల మీద కదులుతుంటే ఈలపాట కూడా వచ్చింది. తనకి ఈల వచ్చని అక్కడివాళ్లెవరికీ తెలియదు.

శనివారం కాబట్టి మూడింటికే కొట్టు మూశాక టార్పాలిన్లు తీసుకుని మళ్లీ ఆశ్రమానికి వెళ్లాడు. పోసిన ఆకుల కుప్ప సాయంత్రం వచ్చి ఎత్తుకుపోతానని మైకి మాట ఇచ్చాడు. మిగిలిన పచ్చిక కూడా ఊడ్చి పెడదామనుకున్నాడు, ట్రాక్టర్ ఇంకా అక్కడే ఉంది. మై తలుపు దగ్గరే ఎదురొచ్చింది. ఆమె చెప్పక ముందే అతనికి తెలిసింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చాడట. రెండు చెంచాల సూపు తాగాడట, యాపిల్ గుజ్జు మాత్రం గిన్నె ఖాళీ చేశాడట. బల్ల దగ్గర అందరికీ చక్రాల కథ చెప్పి నవ్వించాడట. ఇంక నా మీద ఏ అబద్ధమూ లేదని ఆమెతో అన్నాడట. అదేమిటో ఆమెకి అర్థం కాలేదు. పడుకుంటానంటే పడుకోబెట్టింది. రెండింటికి ఒత్తిగిలించడానికి వెళ్తే, నిద్రలోనే పోయాడు. కర్టిస్ ఇప్పుడే వచ్చి లోపల ఉన్నాడు.

వెండెల్ టోపీ తీశాడు. లోపలికి వెళ్లి ఆయన్ని చూశాడు. చేతులు దుప్పటి మీద పెట్టారు. కుడి అరచేతిలో తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత ఇంకా ఉంది. కర్టిస్ భుజం మీద చెయ్యి వేశాడు. వాన వచ్చేలా ఉందని ఇద్దరూ అనుకున్నారు. దుఃఖం వచ్చింది గాని, దాని అడుగున ఇంకోటి గట్టిగా నిలబడి ఉంది. పొద్దున్నే వచ్చాడు. సాయంత్రం రావాలనుకున్నవాడు పొద్దున్నే వచ్చాడు. ఆ ముసలాయన చెప్పాల్సింది చెప్పాడు, తను చెప్పాల్సింది ఆయన విన్నాడు. దేవుడా, నీ దయ అని పైకే అన్నాడు.

బయటికొచ్చి ట్రాక్టర్ ఎక్కాడు. వెలుగున్నంతసేపూ మిగిలిన పచ్చికంతా ఊడ్చాడు, తొట్టి నిండినప్పుడల్లా ఒక్కో టార్పాలిన్‌లోకి వంపి మూటకట్టాడు. నాలుగు మూటలయ్యాయి. ట్రెయిలర్‌కి ఎక్కించి బిగించాడు. పొద్దున్నటి కుప్ప ఇంకా మిగిలింది కదా అని మై గుమ్మంలోంచి అంది. దాన్ని ఉండనీమని వెండెల్ చెప్పాడు.

ఊడ్చిన పచ్చిక మధ్య ఆ ఒక్క కుప్పే ఉండిపోయింది, తాడు లాగిన చేతికి బలం చాలక కొంచెం ఒక పక్కకి ఒరిగి, మెట్టుకి రెండడుగుల దూరంలో.